గంప నిండి వచ్చిన రోజు

ఖాళీ గంప ఇంటికి రాకూడదంటుంది మా అమ్మ. పక్కింటివాళ్ళు గిన్నెలో ఇంత కూర పంపితే, ఆ గిన్నెను కడిగి ఉత్తగా తిప్పి ఇవ్వడం మా ఇంట్లో లేదు. నాలుగు పచ్చిమిరపకాయలో, గుప్పెడు పల్లీలో, ఏ గతీ లేకపోతే ఒక కరివేపాకు రెబ్బో వేసి ఇవ్వాల్సిందే. ఉత్త గిన్నె ఇచ్చావంటే ఇక మీతో మాకు పని లేదని చెప్పినట్టు. ఈ ఒక్క పట్టింపే మా కొంప ముంచిందని నేనంటాను. అమ్మ ఒప్పుకోదు. "గంప ఏం ముంచలే, మనుషులు ముంచిన్రు," అంటుంది. ఈ పంచాయతీ మా ఇంట్లో ఇంకా తెగలేదు.

మాది రాయచూరు తాలూకాలో యాపలదిన్ని దగ్గర ఒక చిన్న ఊరు. ఊరంతా దాటి వాగు వైపు దిగితే మా గేరి. గేరి అంటే వీధే. కానీ మా ఊళ్ళో ఎవరైనా ఊరికే "గేరి" అన్నారంటే మా వీధినే అన్నట్టు, మిగతా వీధులకు వేరే పేర్లున్నాయి. మా నాన్న కష్టపడి సంపాదించి వదిలిపోయిన రెండెకరాలు, రెండు గదుల ఇల్లు, అమ్మ, నేను. నాకు పెళ్ళయింది, మూడేళ్ళకు తిరిగొచ్చేశాను. అది వేరే కథ. దానికి ఇక్కడ చోటు లేదు, చెప్పే ఓపిక నాకూ లేదు.

అమ్మ ముప్పై ఏళ్ళు ఊరి పెద్ద రైతు గౌడ మిరపచేలో కూలి చేసింది. పండుమిరపకాయలు తెంపే కాలంలో ఆమె చేతులు చూడాలి. మంటకు తట్టుకోలేక పొద్దుగూకాక చేతులు రెండూ సల్లలో, అంటే మజ్జిగలో, ముంచుకుని గోడకానుకుని కూచునేది. సరే, మంట ఎవరికైనా మంటే. నాకు కడుపు రగిలేది దానికి కాదు. మధ్యాహ్నం దాహమేసి నీళ్ళడిగితే మా వాళ్ళకు చెంబు చేతికివ్వరు. దోసిలి పట్టమని పైనుంచి పోస్తారు. పోసేవాళ్ళు చెడ్డవాళ్ళు కూడా కాదు. "ఏం ముసల్దానా, బాగున్నవా?" అని నవ్వుతూనే పోస్తారు. చిన్నప్పుడు నేనూ అమ్మ పక్కన వంగి ఆ నీళ్ళు తాగాను. సగం మోచేతుల వెంట కారిపోయేవి.

అందుకని మా చేలో బోరు పడి నీళ్ళొచ్చిన ఏడాది నేను పంతం పట్టాను. అమ్మ ఇక ఆ చేను గట్టెక్కకూడదు, అంతే. పాలకూర, మెంతికూర, పుంటికూర, వంకాయ, బెండ, టమాటా వేశాను. రాయచూరులో ఒక కాలనీ పట్టుకున్నాను. ఇరవై రెండు ఇళ్ళు. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే తెంపి, బండి మీద కట్టుకుని, ఎనిమిది లోపల గేటు ముందుండేదాన్ని. ఆ ఇరవై రెండు ఇళ్ళు ఉన్నన్నాళ్ళూ మాకు ఎవరి దయా అక్కర్లేదు. ఆ ఏడు మిరపకోత మొదలైనా అమ్మ పోలేదు. గేరిలో ఆడవాళ్ళు పిలవడానికొస్తే, "నా బిడ్డ వద్దన్నది," అని గడపలో కూచుని చెప్పింది. ఆ చెప్పడంలో ఎంత గర్వమో!

మొదట్లో ప్లాస్టిక్ కవర్లలోనే ఇచ్చేదాన్ని. ఆకుకూరకొకటి, వంకాయకొకటి, టమాటాకొకటి, ఇంటికి ఐదారు కవర్లు. ఒకరోజు కాలనీ సంఘం పెద్ద మేడమ్ గేటు దగ్గర బండి ఆపింది. కన్నడంలో మాట్లాడుతుంది ఆమె. కాలనీలోకి ఇక ప్లాస్టిక్ కవర్లు రాకూడదని తీర్మానించామంది. కవరు చూపించి, "ఇదు బేడ," అంది. మళ్ళీ మళ్ళీ వాడుకునేదేదైనా తెచ్చుకోమంది, నెలలోపు మార్చకపోతే వేరేవాళ్ళను చూసుకుంటామంది.

ఆమె మాట తప్పని నేను ఈ రోజుకీ అనను. మా వాగులో నీళ్ళకంటే కవర్లే ఎక్కువ పారుతున్నాయి. మా పక్కింటివాళ్ళ మేక కవర్లు మింగి కడుపుబ్బి చచ్చింది. నేను సంతోషంగా ఒప్పుకుని, ప్లాస్టిక్ క్రేట్లు కొందామని ఇంటికొచ్చి చెప్పాను.

అమ్మ పగలబడి నవ్వింది. "ప్లాస్టిక్ వద్దంటె ప్లాస్టిక్ డబ్బాల తీస్కపోతవా? ఏం సదువే నీది! గంపలు లేవా లోకంల?"

చంద్రబండలో వెదురు గంపలల్లే ముసలాయన ఒకడున్నాడు. మేం తాతా అంటాం. అమ్మను వెనక కూచోబెట్టుకుని వెళ్ళి నలభై నాలుగు గంపలు కావాలన్నాను. ఇంటికి రెండు. కూరగాయలతో ఒకటి పోతుంది, పోయినసారిది ఖాళీది తిరిగొస్తుంది. తాత కత్తి కింద పెట్టి నా మొహంలోకి చూశాడు.

"నలుపై నాలుగా? మజాక్ చేస్తున్నవా బిడ్డా? ఈ నడుమ పెండ్లికి గూడ నాలుగు గంపలు అడుగుతలేరు."

"మజాక్ కాదు తాతా. పట్నంల కాలనీకి."

"పట్నపోళ్ళు గంపలు అడుగుతున్రా! జమానా మర్లింది పో."

పదిహేను రోజుల్లో అల్లి ఇచ్చాడు. అంచులు చేతికి గుచ్చుకోకుండా నున్నగా చీరి, పట్టుకోవడానికి చెవులు పెట్టి అల్లాడు. ఇచ్చేటప్పుడు లెక్కలో లేని ఒక చిట్టి గంప అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ తను తెచ్చిన పుంటికూర కట్ట అందులోంచే తీసినట్టు తీసి ఆయనకిచ్చింది. ఇద్దరికీ అదేమీ కొత్త కాదు.

మొదటిసారి ఖాళీ గంపలు తిరిగొచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. అమ్మ తొట్టి దగ్గర కూచుని ఒక్కో గంప తీసి లోపల తొంగి చూసింది. తలకిందులు చేసి తట్టింది. మళ్ళీ చూసింది.

"అన్ని ఉత్తయేనా?"

"మరేముంటయే? కొనుక్కున్నరు, తిన్నరు, గంప వాపసిచ్చిన్రు."

"ఇరవై రెండిండ్లల్ల ఒక్కరన్న ఏం బెట్టలే?"

"అమ్మా, ఇది యాపారం. వాళ్ళు మనకు చుట్టాలు గాదు."

"గంప ఇంట్లకు పోయి వచ్చినంక చుట్టమెట్ల గాదు?" అంది అమ్మ. గంపలు కడుగుతూ తనే తీర్పు చెప్పింది. "పట్నపోళ్ళకు తెల్వదు పాపం. మనం బెడితె వాళ్ళే నేర్చుకుంటరు."

శుక్రవారం నేను లేచేసరికి అమ్మ పొయ్యి ముందు ఉంది. జొన్నపిండి పల్చగా తట్టి, పెనం మీద కాల్చి, ఆరబెట్టి కరకరలాడించే కడక్ రొట్టె మా వైపు ఉంది. నెలల తరబడి దాచుకున్నా పాడు కాదు. ఇంటికొక రొట్టె, దాని మీద మోదుగాకులో మడిచిన పల్లీల కారం. కూరగాయల పైన పెట్టి, మీద మెంతికూర కప్పింది. నేను నెత్తి కొట్టుకున్నాను. ఊరికే ఎందుకు పెట్టడమని అరిచాను. "నీ యాపారం నువ్వు జేస్కో. నా గంప నేను నింపుకుంట," అంది.

ఒట్టేసి చెబుతున్నాను, ఆ రెండు నెలలూ కాలనీ మా అమ్మ రొట్టె కోసం ఎదురుచూసింది. పిల్లలు గేటు దగ్గరే గంపలో చెయ్యి పెట్టి రొట్టె లాక్కుని పరిగెత్తేవాళ్ళు. సంఘం మేడమ్ ఫోటో తీసి కాలనీ గ్రూపులో పెట్టింది. గంపలూ భలే ఉన్నాయి, రొట్టే భలే ఉంది అని అందరూ రాశారు. అయితే గంపలు మాత్రం ఉత్తగానే తిరిగొచ్చేవి. అమ్మ ప్రతిసారీ తొంగి చూసేది, కడిగి వేపాకు పొగ వేసి బండల మీద బోర్లించేది.

ఆ కాలనీలో పద్నాలుగో నంబరు ఇంటావిడ తెలుగావిడ. రాయచూరులో తరాలనుంచి ఉన్న కుటుంబం. మాటంతా మా మాటే. ఒకరోజు నా ఫోన్ తీసుకుని అమ్మతో మాట్లాడింది.

"అక్కా, నీ రొట్టె తింటుంటె మా అమ్మ యాదికొచ్చింది అక్కా. గిట్లనే కరకరమంటుండె. జర కారం ఎట్ల దంచుతవో చెప్పరాదు?"

అక్కడినుంచి ప్రతి శుక్రవారం ఇద్దరూ మాట్లాడుకునేవారు. పుంటికూరలో వెల్లుల్లి ముందు వెయ్యాలా తర్వాత వెయ్యాలా, మోకాళ్ళ నొప్పికి ఏ ఆకు కట్టాలి, కోడళ్ళకు పొయ్యి ముందు కూచునే ఓపిక ఎందుకు లేదు. నేను ఎండలో గేటు పట్టుకుని నిలబడి ఉండేదాన్ని, వాళ్ళ ముచ్చట్లు తెగేవి కావు. నేనామెను చిన్నమ్మా అనడం మొదలుపెట్టాను. అమ్మకు తోబుట్టువులు లేరు. ముసలితనంలో ఒక చెల్లెలు దొరికిందని గేరిలో అందరికీ చెప్పుకుంది. పద్నాలుగో నంబరు గంపలోకి వెళ్ళే రొట్టె మిగతావాటికంటే పెద్దదని నాకు తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఒకసారి చిన్నమ్మ గంప అందుకుంటూ మెల్లగా అడిగింది. "అవునే బిడ్డా, ఏమోళ్ళు మీరు?"

"రైతులం చిన్నమ్మా," అన్నాను.

రెండెకరాలున్నవాళ్ళం రైతులం కాక ఏమవుతాం? కానీ ఆమె అడిగిందేమిటో నాకు తెలుసు, నేను తప్పించుకున్నదేమిటో కూడా తెలుసు. ఇల్లు చేరేదాకా నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ తర్వాత మేడమ్‌కు ఒక ఆలోచన వచ్చింది. తాము తినే కూర ఎక్కడ పండుతుందో పిల్లలకు చూపించాలట. ఆదివారం ఏడెనిమిది కుటుంబాలు వ్యాను కట్టించుకుని మా చేనుకు వస్తామన్నారు. చేను చూపించి అటునుంచి అటే పంపేద్దామని అమ్మతో అన్నాను.

"తు నీ అవ్వ! చుట్టాలొస్తె చేనుకాడికెంచి అటే తోలుతవా? ఇంట్ల కాలు బెట్టకుంట పోతె నలుగురు మొఖాన ఊస్తరు."

నాలుగు రోజులు ఇల్లు అలికింది, ముగ్గులు పెట్టింది, పక్కిళ్ళనుంచి కుర్చీలు అడిగి తెచ్చింది. ఇల్లు అలకగానే పండగ కాదని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. మా గోడ మీద కోటు వేసుకుని చేతిలో పుస్తకం పట్టుకున్న పెద్దాయన ఫోటో ఉంది. మా గేరిలో ప్రతి ఇంట్లో ఉంటుంది. నిజం చెప్పాలి కదా, ఆ ఫోటో మీద క్యాలెండరు వేలాడదీద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆయన పుణ్యాన నాలుగు అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఆయన్నే దాచాలనుకున్నాను. సిగ్గుతో ఆ రోజంతా అటు చూడలేకపోయాను.

ఫోటో దాకా అక్కర్లేకపోయింది. వ్యాను ఊళ్ళోకి రాగానే డ్రైవరు దారి అడిగాడట. అడిగితే ఊరివాళ్ళు ఏం చెబుతారు? "ఓ, గేరికా? ఊరు దాటి కిందికి దిగుండ్రి," అని చెప్పారట. వ్యాను దిగేసరికే మొహాలు వేరుగా ఉన్నాయి. గంపలు పట్టుకుని నవ్విన మొహాలు కావవి. చేలోకి వెళ్ళారు, మొక్కలు చూశారు, పిల్లలు టమాటాలు తెంపుతుంటే తల్లులు చేతులు తుడుస్తూనే ఉన్నారు.

అమ్మ చల్లటి సల్లలో కొత్తిమీర వేసి గ్లాసులు పట్టుకొచ్చింది. ఒకరికి జలుబు. ఒకరు ఇప్పుడే తాగారు. మేడమ్ వ్యానులోంచి నీళ్ళ సీసాల డబ్బా తెప్పించింది. చిన్నమ్మ మాత్రం గ్లాసు అందుకుంది. అమ్మ మొహం వెలిగిపోయింది. నేను చిన్నమ్మనే చూస్తున్నాను. ఆ గ్లాసు చేతిలో పట్టుకుని అమ్మతో మోకాళ్ళ గురించి మాట్లాడింది, గంపలెక్కడ కడుగుతావని అడిగింది, తొట్టి చూసింది. వెళ్ళేటప్పుడు ఆ గ్లాసు పిట్టగోడ మీద పెట్టింది. నిండుగా ఉంది.

"నీ చిన్నమ్మకు గొంతు బాగ లేదంట," అంది అమ్మ, ఆ గ్లాసులో సల్ల కుండలోకి తిరిగి పోస్తూ. అడిగిందా, తనకు తనే చెప్పుకుందా తెలియదు.

మంగళవారం మేడమ్ గేటు దగ్గర ఎదురుచూస్తూ ఉంది. గంపలు ఇల్లిల్లూ తిరగడం బాగాలేదంది. ఎవరింటి గంప వాళ్ళింటికే రావాలి. అంతకుముందు ఏ గంప ఎవరికి పోయిందో ఎవరూ అడగలేదు. సరే అని ప్రతి గంప మీద పెయింటుతో ఇంటి నంబరు వేశాను. శుక్రవారానికి ఇంకో మాట వచ్చింది. కాలనీ సంఘం చెప్పిన మందునీళ్ళతోనే గంపలు కడగాలి, వేపాకు పొగ చాలదు. మందునీళ్ళు కొన్నాను. ఆ పై మంగళవారం గ్రూపులో రాశారు, వండిన పదార్థాలు కూరగాయలతో పంపవద్దు, శుభ్రత ముఖ్యం అని. రెండు నెలలు లేని మురికి ఒక్క ఆదివారంలో ఎక్కడినుంచి వచ్చిందని నేను అడగలేదు. ఏ ఒక్కరూ ఆ మాట నోటితో అనలేదు చూడండి. అని ఉంటే నాలుగు తిట్టి వచ్చేదాన్ని. శుభ్రత అన్నవాణ్ణి ఏమని తిడతాం?

మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అంటారు. నేను నోరు విప్పితే ఇరవై రెండు ఇళ్ళూ పోతాయి. పోతే అమ్మ మళ్ళీ దోసిలి పట్టాలి. అందుకని పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను.

అమ్మకు చెప్పాల్సింది. చెప్పలేదు. నా తప్పు ఏదైనా ఉంటే అదే. ఆమె ఎప్పటిలాగే చీకటితో లేచి రొట్టెలు కాల్చేది, గంపల్లో పెట్టేది. నేను రాయచూరు పొలిమేరలో బండి ఆపి ఒక్కో గంపలోంచి రొట్టె తీసి సంచిలో వేసుకునేదాన్ని. కాలనీ వీధులు ఊడ్చే ఆడవాళ్ళకు ఇచ్చేదాన్ని. వాళ్ళు చీపుర్లు పక్కన పెట్టి, అక్కడే కూచుని కరకరా నమిలేవాళ్ళు. ఇంకో రెండు ఉన్నాయా అని అడిగేవాళ్ళు.

ఒక్క పద్నాలుగో నంబరు గంపలోంచి మాత్రం తియ్యలేదు. చిన్నమ్మ నాతో ఏమీ అనలేదు మరి. గంప అందుకుని, "అక్కను అడిగిన్నని చెప్పు బిడ్డా," అని లోపలికి వెళ్ళిపోయేది. ఫోన్ మాత్రం అడగడం మానేసింది. ఇంట్లో చుట్టాలున్నారనేది, తర్వాత చేస్తాననేది. అమ్మ అడిగితే నేనూ అదే చెప్పేదాన్ని. ఆమె రొట్టె వద్దనకపోవడం చూసి నేను కూడా ఆశపడ్డాను. లోకమంతా ఒకటి కాదు, ఆ ఒక్క ఇల్లైనా ఉందిలే అనుకున్నాను.

నెల తిరక్కుండానే ఒక కంపెనీ వ్యాను కాలనీకి రావడం మొదలుపెట్టింది. నీలం రంగు ప్లాస్టిక్ క్రేట్లు. అవీ మళ్ళీ మళ్ళీ వాడేవేనట, యంత్రంలో కడుగుతారట, మనిషి చెయ్యి తగలదట. ప్లాస్టిక్ వద్దని నన్ను గేటు దగ్గర ఆపిన మేడమే మొదట చేరింది. ఒక మంగళవారం నలుగురు వద్దన్నారు, శుక్రవారం ఆరుగురు. ఇచ్చిన గంపలు వాపసు అడిగితే ఒకావిడ అలంకరణకు ఎండుపూలు పెట్టుకున్నానంది, ఒకావిడ ఎక్కడో పోయిందంది. తాత అంత నున్నగా చీరిన అంచులు! చివరికి బండి మీద మూడు గంపలు కట్టుకుని ముక్కాలు గంట వెళ్ళి, ముక్కాలు గంట రావడం. పెట్రోలుకే చాలదు. చేలో వంకాయలు ముదిరిపోయాయి, పాలకూర పూతకొచ్చేసింది.

ఇక దాచడానికేముంది? అమ్మకు ఇళ్ళు పోయిన సంగతి చెప్పాను. ఎందుకు పోయాయో చెప్పలేదు, వ్యాను వచ్చిందని మాత్రం చెప్పాను.

"పోనీ తీ," అంది అమ్మ. "నా చెల్లె ఉన్నది గద. ఆ ఒక్క ఇల్లు నిలవడితె మల్ల నలుగురొస్తరు. ఆమె నలుగురికి చెప్తది."

ఆ మాట మీద ఇంకో పదిరోజులు లాగాను.

మాఘం చివర్లో, ఒక శుక్రవారం. అప్పటికి మిగిలింది పద్నాలుగో నంబరు ఒక్కటే. ఒక్క గంప కోసం వెళ్ళాను. ఆ ఇంటి గేటు మూసి ఉంది. గేటు పక్క దిమ్మె మీద ఖాళీ గంప పెట్టి ఉంది. ఖాళీ గంప అన్నాను గానీ ఖాళీది కాదు. పైన పాత కన్నడ పేపరు కప్పి, ఎగిరిపోకుండా అంచులు లోపలికి దోపారు. చెవులు పట్టుకుని ఎత్తితే బరువుగా ఉంది. "చిన్నమ్మా!" అని పిలిచాను. లోపల టీవీ మాట్లాడుతోంది, ఎవరూ పలకలేదు. స్నానానికి వెళ్ళిందేమో అనుకుని కొత్త గంప దిమ్మె మీద పెట్టి, ఈ గంప బండికి కట్టుకున్నాను.

పేపరు తీసి చూడలేదు. అమ్మ ముందు విప్పాలని నా ఆశ. దారి పొడుగునా లోపలేముంటుందా అని ఊహించుకున్నాను. బియ్యమేమో. సజ్జప్పలేమో. వాళ్ళింట్లో జామచెట్టుంది, కాయలేమో. యాపలదిన్ని దాటేసరికి నోట్లో పాట కూడా వచ్చిందని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

"అమ్మా, గంప నిండొచ్చిందే!" అని వాకిట్లోంచే అరిచాను.

అమ్మ పరుగున వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చి కూచుంది. పక్కింటామెను కూడా పిలవబోయింది. పేపరు అంచు జాగ్రత్తగా పైకి లాగింది.

లోపల రొట్టెలున్నాయి. మా అమ్మ రొట్టెలే. ఆ ఆదివారం తర్వాత నేను ఎన్నిసార్లు వెళ్ళానో అన్ని రొట్టెలు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక్కటి కూడా తుంచలేదు. పక్కన మోదుగాకు పొట్లాలు, కట్టిన దారం కట్టినట్టే ఉంది. పారేయలేదు ఆవిడ. అన్నం పారేస్తే పాపమని నమ్మే మనిషి అయ్యుంటుంది. తినడానికి చెయ్యి రాలేదు, పారేయడానికీ చెయ్యి రాలేదు. దాచిపెట్టి, మర్యాదగా మా గంపలోనే మాకు తిప్పి పంపింది.

నాకు నోటికొచ్చిన బూతులన్నీ వచ్చాయి. ఇప్పుడే బండి తీసుకుని వెళ్ళి ఆ గేటు ముందు ఈ రొట్టెలు కుప్ప పోసి నలుగురిలో అడుగుతానన్నాను. అప్పుడే కడుపులో ఉన్నదంతా బయటపెట్టాను. గ్రూపులో రాసింది, నేను పొలిమేరలో రొట్టెలు తీసేసింది, వీధులు ఊడ్చేవాళ్ళకు ఇచ్చింది, అన్నీ. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, అలాగే పడింది.

అమ్మ నన్ను తిట్టలేదు. ఏడవనూ లేదు. గంపలోంచి పై రొట్టె తీసి, చిన్న ముక్క విరిచి, నోట్లో వేసుకుని నమిలింది.

"మెత్తవడలే," అంది. "మంచిగనే దాసింది."

"అమ్మా!"

"ఏందే నీ లొల్లి? ఖాళీ గంప వొచ్చిందని నేను రోజు ఏడుస్తుంటి. ఇయ్యాల నిండుగ వొచ్చింది గద."

అని నవ్వింది. ఆ నవ్వు మళ్ళీ వినే ధైర్యం నాకు లేదు. ఆ తర్వాత చాలాసేపు పేపరు మడిచింది. మడిచిందే మళ్ళీ విప్పి మడిచింది. "సల్ల పోసిన గ్లాసు గూడ తాగలేదాయె," అంది, ఎప్పటిదో మాట. ఆమెకు ఆ రోజే తెలుసు. నేను ఆమెను కాపాడుతున్నాననుకున్నాను, ఆమె నన్ను కాపాడుతోంది.

సాయంత్రం గేరిలో ఆడవాళ్ళు పనుల గురించి మాట్లాడుకుంటుంటే అమ్మ తనే వెళ్ళి అడిగింది, గౌడ చేలో పండుమిరపకాయలు తెంపడానికి ఇంకా మనుషులు కావాలా అని. కావాలన్నారు.

పొద్దున నేను లేచేసరికి పొయ్యి వెలగలేదు. అమ్మ పద్నాలుగో నంబరు వేసిన గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరుతోంది. అందులో గుడ్డ మూట ఉంది. మధ్యాహ్నానికి ఆ రొట్టెల్లో రెండు, ఒక మోదుగాకు పొట్లం. అవి అయిపోయేదాకా మా ఇంట్లో జొన్నపిండి కలపలేదు.